నల్లకోడి, నాలుగున్నర కిలోమీటర్ల రాయి

"అబద్ధం నేనెప్పుడాడేనమ్మా? ఒక్క ముక్క అబద్ధం లేదందులో. రాయి వస్తన్నాదన్నాను, వచ్చింది. బుధవారమన్నాను, బుధవారమే వచ్చింది. నాలుగున్నర కిలోమీటర్లన్నాను, కావాలంటే మీ మావగారినే అడుగు. పైగా నేను మనిషికెవలికీ సెప్పలేదు. కోడికి సెప్పాను. నా కోడి, నా పెరడు. నా కోడికి నేనేటి సెప్పుకుంటే ఊరికేటి? సెయ్యి కొంచెం పైకెత్తు తల్లీ."

ఫణిశ్రీ చెయ్యెత్తింది. కరుణకుమారి టేపు చుట్టి, అంకె చూసి, చెవి వెనకనించి సుద్దముక్క తీసి గుడ్డమీద గీత గీసింది.

ఫణిశ్రీ యాజులు మాస్టారి చిన్నకోడలు. నర్సీపట్నం కాపురానికొచ్చి ఏడాది కూడా కాలేదు. ఇంట్లో ఎప్పుడు ఆకాశం మాట వచ్చినా అత్తగారు లలితాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం, మావగారు కళ్ళజోడు తుడుచుకుంటూ "ఆ సంగతి నన్నడక్కమ్మా, కరుణమ్మని అడుగు" అనడం చూసి, అడగడానికే వచ్చింది. చేతిలో జాకెట్టు గుడ్డ ఒక వంక.

"కోడికి ఎందుకు చెప్పారు ఆంటీ?"

"మరెవలికి సెప్పాలి? మా అప్ప నాతో మాటాడదు కదేటి."

ఆ జవాబుతో ఫణిశ్రీ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. కరుణకుమారి కోపంగా చూసింది. "కూకున్నావేటి? నడుం కొలత తీసుకోలేదింకా." ఫణిశ్రీ మళ్ళీ లేచింది. అలా లేస్తూ కూర్చుంటూ విన్న కథ ఇది.

కొలత తీసేటప్పుడు కరుణకుమారికి మాట్లాడటం అలవాటు. అలవాటు కూడా కాదు, పనితనం. టేపు ఒంటిమీద పడగానే ఏ ఆడమనిషైనా పొట్ట లోపలికి లాగి, ఊపిరి బిగబట్టి, ఉన్నదానికన్నా రెండంగుళాలు తక్కువగా నిలబడుతుంది. ఆ కొలతకి కుట్టిన జాకెట్టు అద్దం ముందు బాగుంటుంది, అన్నం తిన్నాక బాగుండదు. అందుకని మనిషిని మాటల్లోకి దింపాలి. వీలైతే నవ్వించాలి. నవ్వే మనిషి ఊపిరి బిగబట్టలేదు. సరిగ్గా అప్పుడు టేపు చూసుకోవాలి. రావికమతంలో మిషనరీల బడి దొరసాని దగ్గర కుట్టు నేర్చుకున్న రోజుల్లోనే ఈ కిటుకు ఆవిడకి ఒంటబట్టింది. ఇరవయ్యేళ్ళ పైబడిన కుట్టు జీవితంలో ఒక్కసారే తప్పింది. ఆ ఒక్కసారికీ ఎనిమిదేళ్ళు అనుభవించింది.

ఆ మనిషి ఎస్తర్ రాణి. స్వయానా తోడికోడలు, కరుణకుమారి 'అప్ప' అని పిలుస్తుంది. కరుణకుమారి భర్త సామ్యేలు, ఎస్తర్ రాణి భర్త ప్రభుకుమార్ అన్నదమ్ములు, ఇద్దరూ బస్సు డిపోలో మెకానిక్కులు. చర్చి వెనక సందులో ఒకే ఇల్లు, రెండు వాటాలు. వెనక పెరడు కూడా ఒకటే, మధ్యలో ఛాతీ ఎత్తు గోడ. ఆ గోడ పేరుకే గోడ. కొత్తకోడలిగా వచ్చిన కరుణకుమారికి చేపల పులుసులో చింతపండు ఎంత పడాలో ఆ గోడ మీదినుంచే చెప్పింది ఎస్తర్ రాణి. మధ్యాహ్నం పూట ఇద్దరూ చెరోవైపునా గోడకి మోచేతులానించి ఊరందరినీ ఒకసారి చుట్టి వచ్చేవారు. మాటల్లోనే.

తొంభై ఆరులో క్రిస్మస్ వచ్చింది. ఎస్తర్ రాణికి మంచి గొంతు. కోటవురట్ల, మాకవరపాలెం చర్చి సంఘాలవాళ్ళు కూడా ఆవిడ పాట కోసం నర్సీపట్నం క్రిస్మస్‌కి వచ్చేవారు. ఆ ఏడు సోలో పాట ఆవిడదే. ఊదారంగు పట్టుచీరకి జాకెట్టు కుట్టాలి. కొలతకి వచ్చి నిలబడి, "మాటాడించకే కరుణా, గొంతు దాసుకుంటన్నాను" అని చేత్తో సైగ చేసి, నోరు మూసుకుంది. మాట లేదు, నవ్వు లేదు. పైగా ఊపిరి కూడా దాచుకుంది. కరుణకుమారికి అనుమానం వచ్చింది. కానీ పాటగత్తెని కదిలించడానికి మనసొప్పక, టేపు ఎంత చెబితే అంతే కుట్టింది.

క్రిస్మస్ సాయంకాలం ఎస్తర్ రాణి హార్మోనియం పక్కన నిలబడి పాట మొదలుపెట్టింది. చరణం నడిచింది. పై స్వరం అందుకోవడానికి నిండుగా ఊపిరి పీల్చింది. మొదటి హుక్కు ఎగిరి హార్మోనియం మెట్ల మీద పడి 'టింగ్' మంది. రెండోది ఎక్కడ పడిందో ఇప్పటివరకూ దొరకలేదు. ఎస్తర్ రాణి చీర చెంగు నిండుగా కప్పుకుని, మిగిలిన పాటంతా కింది స్వరంలో, దిగమింగుతున్నట్టు పాడి ముగించింది. ముందు వరసల్లో పిల్లలు, వాళ్ళ వెనక పెద్దలు, అందరి వెనకా సామ్యేలు నవ్వారు.

చర్చి మెట్ల మీద మొదలైంది.

"కావాలనే బిగించీసావు! నా పాటంటే నీకు కుళ్ళే!"

"నేనెక్కడ బిగించానప్పా? ఊపిరి బిగించింది నువ్వు. నువ్విచ్చిన కొలతకే కుట్టాను. ఆ కొలతలో నువ్వు పట్టకపోతే నన్నేటి సెయ్యమంటావు?"

ఈ చివరి మాట అనకుండా ఉండవలసింది. మెట్ల మీద ఉన్నవాళ్ళు ఇంకోసారి నవ్వారు. లోపల నవ్విన నవ్వు ఎస్తర్ రాణి మరచిపోయేదేమో కానీ మెట్ల మీద నవ్విన నవ్వు మరచిపోలేదు. ఆ రోజునుంచి మాట బందు. జాకెట్లు కుట్టించుకోవడానికి బస్సెక్కి కోటవురట్ల వెళ్ళేది. తిరిగి వచ్చేటప్పుడు కుట్టించిన జాకెట్టు ఉన్న కవరు సంచిలో పెట్టుకోకుండా, కరుణకుమారి కుట్టుమిషన్ ఎదురుగా ఊపుకుంటూ నడిచేది.

కానీ ఒకే కొళాయి, ఒకే పెరటి దారి, ఒకే బట్టల తీగ. మాట్లాడకుండా ఎలా కుదురుతుంది? అందుకని కోడి ఉద్యోగంలో చేరింది. కరుణకుమారి పెంచే కోళ్ళు గోడెక్కి అటూ ఇటూ తిరిగేవి. ఈవిడ ఇటునించి, "ఒలే కోడీ, కొళాయి వచ్చింది, కొందరు బిందెలు పెట్టుకోకుండా తొంగున్నారు" అనేది. ఆవిడ అటునించి, "ఒలే కోడీ, మా బెన్హర్‌కి పరీక్షలు, కొందరి మిషన్ సప్పుడు కొంచెం తగ్గితే బాగున్ను" అనేది. కోడికి చెప్పినది మాట్లాడినట్టు కాదు. ఇది ఇద్దరూ కూర్చుని చేసుకున్న ఒప్పందం కాకపోయినా, అంతకన్నా గట్టిగా సాగింది. ఎస్తర్ రాణి కొడుకు బెన్హర్ ఐదో క్లాసులో ఉండగా మొదలైన ఈ కోడి టపా, వాడు డిగ్రీలో చేరేదాకా నడిచింది. కోళ్ళు మారాయి, ఉద్యోగం మారలేదు.

రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఆదివారం ముందు పాస్టరు అయ్యగారు ప్రతిసారీ చెప్పేవారు, మనసులో పగ పెట్టుకుని బల్ల దగ్గరికి రాకూడదు, ముందు సమాధానపడండి అని. ఒకసారి ఇద్దర్నీ పిలిచి నిలబెట్టారు కూడా.

"మాకు పోట్లాట లేదయ్యగారూ," అంది ఎస్తర్ రాణి. "మాటాడుకోడం లేదంతే."

"అదేనయ్యగారూ," అంది కరుణకుమారి, ఆయనకేసే చూస్తూ. "పగ గిగ ఏటీ లేదు."

ఈ విషయంలో ఇద్దరూ ఒక్కమాట మీద ఉండటంతో అయ్యగారు అక్కడితో వదిలేశారు. ఇద్దరికీ రొట్టె ఇచ్చేశారు.

ఇంతకీ అసలు సంగతి ఏమిటంటే కరుణకుమారికి ఎస్తర్ రాణి కావాలి. ఎవరి జాకెట్టు కుట్టినా, ఎవరి ఇంటి కబురు విన్నా, ముందు గోడ దగ్గరికి పరిగెత్తాలనిపించేది. గోడ దగ్గరికి వెళ్ళాక కోడి ఉండేది. ఎన్ని కబుర్లని కోడికి చెబుతుంది? ముందు తను పలకరిస్తే చాలునని తెలుసు. కానీ ముందు పలకరించినవాళ్ళే తప్పు ఒప్పుకున్నట్టు. తప్పేమో తనది కాదు. కొలత తనది, ఊపిరి ఆవిడది.

"మరి ఆవిడే ముందు మాట్లాడాలి కదా," అంది ఫణిశ్రీ.

"బాగా అన్నావు. నువ్వు మా వేపు మనిషివి. ఇటు తిరుగు."

రెండువేల నాలుగు సెప్టెంబరులో యాజులు మాస్టారు భార్య జాకెట్టు గుడ్డ పట్టుకుని, చంకలో పేపరుతో వచ్చారు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. బడి లేకపోయినా పాఠం ఆగలేదు. కనపడినవాళ్ళే క్లాసు.

"కరుణమ్మా, ఇది చూశావా? గ్రహశకలమట. పేరు టౌటాటిస్. నాలుగున్నర కిలోమీటర్ల పొడుగు రాయి. వచ్చే బుధవారం భూమి పక్కనుంచి పోతుంది. ఇంత పెద్దది ఇంత దగ్గరగా రావడం అరుదు."

"ఓలమ్మో! మీద పడిపోతాదేటి మాస్టారూ?"

"పడదమ్మా, పడదు. ఇలా చూడు." మాస్టారు ఆవిడ మిషన్ మీది దారపు రీలు తీసి బల్ల ఈ చివర నిలబెట్టారు. "ఇది భూమి." ఒక చొక్కా బొత్తాం తీసి బల్ల ఆ చివర పెట్టారు. "ఇది చంద్రుడు. మరి ఆ రాయి ఎక్కడుంటుందో తెలుసా?" అంటూ లేచి, గుమ్మం దాటి, మెట్టు మీద నిలబడి, "ఇదిగో, ఇక్కడ!" అని కేకేశారు. "ఇక్కణ్ణుంచి అలా పోతుంది. చంద్రుడికి నాలుగింతల దూరం. ఈ లెక్కలో ఆ రాయి కంటికి కనపడని నలుసు. మన దారిన మనం, దాని దారిన అది."

కరుణకుమారికి బాగా బోధపడింది. రీలు ఇక్కడ, బొత్తాం అక్కడ, రాయి గుమ్మం బయట. మాస్టారు వెళ్ళాక బొత్తాం డబ్బాలో వేస్తూ ఉండగా ఇంకో సంగతి కూడా బోధపడింది. ఎస్తరప్పకి పై నించి ఏది వచ్చినా భయం. ఉరిమితే మంచం కిందకి దూరుతుంది. దీపావళినాడు చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంటుంది. విమానం చప్పుడు వినపడితే ఎవరైనా పక్కన ఉంటే చెయ్యి పట్టుకుంటుంది. చెయ్యి పట్టుకుంటే మాట్లాడాలి కదా!

పెరట్లోకి వెళ్ళింది. అటువైపు చేటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు. నల్లకోడి గోడ మీద ఉంది.

"ఒలే నల్లదానా," అంది కరుణకుమారి, గోడ అవతల బియ్యానికి కూడా వినపడేటట్టు. "వచ్చే బుధవారం ఆకాశంలో నాలుగున్నర కిలోమీటర్ల రాయి భూమి పక్కకి వస్తన్నాదట. పేపర్లో పడింది. యాజులు మాస్టారు స్వయంగా సెప్పారు. ఇంత పెద్దది ఇంత దగ్గరగా రాడం అరుదట. నీ గింజలు నువ్వు బేగి తినీయే తల్లీ."

చేట ఆగింది.

దూరం సంగతి చెప్పలేదు. కోడి అడగలేదు.

కరుణకుమారి లోపలికి వచ్చి మిషన్ ముందు కూర్చుంది కానీ కాలు తొక్కలేదు. చెవి పెరటి వైపే. ఇంకాసేపట్లో "కరుణా" అని పిలుపు వస్తుంది. రాగానే వెళ్ళకూడదు. రెండోసారి పిలిస్తే వెళ్ళాలి. వెళ్ళి ఏమనాలో కూడా అనుకుంది. "ఏటప్పా, అలగ వణికిపోతన్నావేటి" అనాలి. ఆ రోజంతా పిలుపు రాలేదు. మర్నాడు సాయంకాలం వీధి తలుపు చప్పుడైంది. ఎస్తర్ రాణి గొడుగేసుకుని, బైబిలు చంకన పెట్టుకుని, ఆడవాళ్ళ ప్రార్థన కూడికకి వెళ్ళిపోయింది.

అంతే. కూడికలో చెప్పిన మాట శుక్రవారానికి చేపల సీతాలు తట్టలోకెక్కి వీధి వీధీ తిరిగింది. శనివారానికి మాకవరపాలెం చేరింది. సోమవారం మాకవరపాలెం నుంచి తిరిగి వచ్చేసరికి రాయి పది కిలోమీటర్లయింది, పడే చోటు కూడా తెలిసిపోయింది. సైకిలు షాపు గంగులు పంక్చరుకొచ్చినవాళ్ళతో, "గురువారం రండి, గురువారం ఉంటే ఏస్తాను" అనడం మొదలుపెట్టాడు. పాల కొండన్న పాలు చిక్కగా పోయసాగాడు.

వచ్చి పడింది మాత్రం కరుణకుమారి మీద. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తమ జాకెట్లు గుర్తొచ్చాయి. పండక్కి ఇచ్చినవి, పెళ్ళికి ఇచ్చినవి, ఇచ్చి మరచిపోయినవి. అన్నీ బుధవారం లోపల కావాలి.

"కొత్త పట్టుచీర పెట్లోనే ఉండిపోద్ది కరుణమ్మా. ఒక్కసారైనా కట్టుకోవద్దేటి?"

"రాయి పడదమ్మా!" అని మొత్తుకుంది కరుణకుమారి. "సంద్రుడికన్నా నాలుగింతల దూరం. ఇదిగో, ఇక్కడ రీలు, అక్కడ బొత్తాం, అదిగో, ఆ మెట్టు మీద రాయి. మనకేటీ అవదు. నిదానంగా వచ్చేవారం ఇస్తాను."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "సూసావా? పని ఎగ్గొట్టడానికి ఎన్ని మాటలు సెప్తాదో! మొన్న కరెంటు లేదంది, అటు మొన్న సూది ఇరిగిపోయిందంది. ఇప్పుడు సంద్రుడు దూరమంటాది!"

టైలరు చెప్పే గడువు ఏనాడు ఎవరు నమ్మారు? జీవితంలో మొదటిసారి ఉన్నది ఉన్నట్టు చెబితే అది కూడా వాయిదాల ఖాతాలోనే పడింది. అన్నం మిషన్ దగ్గరే, నిద్ర మిషన్ దగ్గరే. సామ్యేలు కాజాలు కుట్టాడు. బస్సు ఇంజన్లు విప్పే చేతులతో అతను కుట్టిన కాజాల్లో బొత్తాలు కాదు, నిమ్మకాయలు పట్టేవి.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. ఏళ్ళ తరబడి కనపడనివాళ్ళు కనపడ్డారు. అయ్యగారు కూడా రాయి పడదనే చెప్పారు కానీ, నిండిన బెంచీలు చూసి, "అయినా వచ్చారు, సంతోషం" అన్నారు. మైకు దగ్గర ఎవరు నిలబడాలని తగువుపడ్డ ఇద్దరు సంఘ పెద్దలు కౌగిలించుకుని ఏడ్చారు. అప్పుడు ఎస్తర్ రాణి లేచింది. వరసవరసకీ వెళ్ళి చేతులు పట్టుకుంది.

"సీతాలూ, నీ సేప కుళ్ళిందన్నాను, మనసులో పెట్టుకోకు."

"అది కుళ్ళిందేనమ్మా," అంది సీతాలు, కళ్ళు తుడుచుకుంటూ.

అయ్యగారి భార్యని అడిగింది, డోలు వాయించే కుర్రాణ్ణి అడిగింది, కొడుకు బెన్హర్‌ని కూడా అడిగింది. ఒక్కో బెంచీ దాటి కరుణకుమారి బెంచీ దగ్గరికి వచ్చింది. కరుణకుమారి సర్దుకుని కూర్చుంది. చేతిలో పాటల పుస్తకం పక్కన పెట్టేసి, చెయ్యి ఖాళీ చేసుకుంది. ఎస్తర్ రాణి వంగింది. ఆవిడ మీదుగా వంగి, పక్కన కూర్చున్న ముసలమ్మ చెయ్యి పట్టుకుని, "మామ్మా, నన్ను క్షమించు" అని, మళ్ళీ నిటారుగా లేచి, తరవాతి బెంచీకి వెళ్ళిపోయింది.

"ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదమ్మా," అంది కరుణకుమారి. కత్తెర గుడ్డ మధ్యలో ఆగింది. "ఊరందరూ కలిసిపోయారు. నేను ఎవలి కోసం సేసానో ఆ మనిషి తప్ప. ఇంటికొచ్చి కుట్టిన జాకెట్టుకి సేతులు తిరగేసి కుట్టీసాను. రాయి పడినా ఈవిడ మాటాడదు, పడకపోయినా మాటాడదు. ఇంక ఎప్పుడు మాటాడతాది? ఇద్దరం ముసిలోళ్ళం అయిపోయి, కోళ్ళు పెంచుకుంటా సచ్చిపోతాం గాబోలు అనుకున్నాను."

ఫణిశ్రీ బల్ల మీంచి జారుతున్న గుడ్డ అంచు పట్టుకుంది. కత్తెర మళ్ళీ కదిలింది.

మంగళవారం గోడ అవతలినుంచి వినిపించింది. "ఒలే నల్లదానా, రేపెవలుంటారో ఎవలు పోతారో. కొందరికి ఒక్కమాట అడిగీ బుద్ధుంటే ఈపాటికి అడిగీదురు. నా మనసులో ఏటీ లేదే. అడిగితే ఊఁ అందును."

ఇటునుంచి కరుణకుమారి, "ఒలే నల్లదానా, అడగాల్సినోళ్ళు ఊరందర్నీ అడిగీసారు, ఒక్క బెంచీ మీదుగా ఎగిరీసారు!" అంది. నల్లకోడి రెండువైపులా చూసి, గోడ దిగి, జామచెట్టు కిందకి వెళ్ళి కూర్చుంది.

బుధవారం సాయంకాలానికి ఆఖరి జాకెట్టు కూడా వెళ్ళిపోయింది. సందులో చప్పుడు లేదు. కొత్త జాకెట్లు తొడుక్కుని అందరూ ఇళ్ళల్లో కూర్చున్నారు. నడుం పట్టేసి చాపమీద వాలిన కరుణకుమారికి మంచి వాసన తగిలి మెలకువ వచ్చింది. అల్లం, వెల్లుల్లి, ధనియాలు. వంటింట్లో సామ్యేలు గరిట తిప్పుతున్నాడు.

"ఏటది?"

"పులుసు."

"ఏ పులుసు?"

సామ్యేలు మూత పెట్టేశాడు. "సూడు కరుణా. రాయి పడితే మనం ఉండం. మనం లేకపోతే దానికి గింజలెవలు ఏస్తారు? అన్నేయం కదేటి. అందుకని—"

"రాయి పడదని నీకు నూరుసార్లు సెప్పాను కదా!"

"నువ్వు సెప్పిందెవలు నమ్మారు? నేనెందుకు నమ్మాలి?" అన్నాడు సామ్యేలు. ఆ నల్లకోడి మీద అతనికి రెండేళ్ళుగా మనసుంది. ఉద్యోగంలో ఉన్న కోడి కాబట్టి చెయ్యి వెయ్యలేకపోయాడు.

"ఓరి నాయనో! ఇప్పుడప్పకి ఏటని సెప్పాలి? ఎలగ సెప్పాలి?" అని కరుణకుమారి నెత్తిమీద చేతులు పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే గోడ అవతల నూకలు చల్లిన చప్పుడు. "ఒలే నల్లదానా," అంది ఎస్తర్ రాణి. జవాబు లేదు. "నల్లదానా! ఎక్కడున్నావే?" ఇంకో గుప్పెడు నూకలు. తరవాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో పులుసు వాసన గోడ దాటి వెళ్ళడం కరుణకుమారికి కనపడినంత పని అయింది.

"కరుణా! కోడేదే?"

"పొయ్యి మీదుందప్పా!"

రెండు మాటలూ గాలిలోకి వెళ్ళిపోయాక ఇద్దరికీ తెలిసింది. కరుణకుమారి వంటింటి గుమ్మంలో కొయ్యబారిపోయింది. గోడ మీదుగా ఎస్తర్ రాణి తల మాత్రం కనపడుతోంది. నోరు తెరుచుకునే ఉంది. సామ్యేలు గరిట కింద పెట్టి, నెమ్మదిగా, "వదినా, గిన్నె పట్టుకుని రా" అన్నాడు.

ఎస్తర్ రాణి గిన్నె పట్టుకుని రాలేదు. కంచం పట్టుకుని వచ్చింది. వీధి వాకిట్లోంచి తిన్నగా వంటింట్లోకి వచ్చి, పీట వాల్చుకుని కూర్చుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "సింతపండు తక్కువైంది" అంది. కరుణకుమారికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"నువ్వే ముందు మాటాడేవు," అంది, ఎలాగో.

"నేనా? నేను కోడి గురించి అడిగాను. 'అప్పకి ఏటని సెప్పాలి' అని ముందు అరిసింది నువ్వు. మా ఇంటిదాకా ఇనపడింది."

"అది నీతో కాదు, మీ మరిదితో."

"అప్ప అంటే నేనే కదేటి? నా పేరెత్తితే నాతో మాటాడినట్టే."

రెండో ముక్క వేసుకుంటూ ఎస్తర్ రాణి నవ్వింది. "నిజం సెప్పనా? గురువారందాకా నిజంగానే దడుసుకున్నాను. శుక్రవారం మందుల షాపు కాడ మాస్టారింటి లలితాంబగారు కనపడ్డారు. అడిగీసాను. రీలు, బొత్తాం, మెట్టు, అన్నీ సెప్పారావిడ."

కరుణకుమారి చేతిలో ముద్ద ఆగిపోయింది. "అయితే ఆదివారం?"

"తెలిసే అడిగాను అందర్నీ. నువ్వు ఉడుక్కుని నోరిప్పుతావేమోనని. గట్టి మనిషివే బాబూ."

"ఊరందర్నీ భయపెట్టీసావు కదప్పా!"

"నేనేటి భయపెట్టాను? అందరూ సిద్ధంగా ఉండండన్నాను. అది ఎప్పుడైనా ఉండాల్సిందే కదా!"

ఆ మాటకి కరుణకుమారికి తోడికోడలి మీద అమాంతం గౌరవం పెరిగిపోయింది. ఇలాంటి మనిషిని ఇన్నేళ్ళు కోడికి వదిలేసిందా తను! ఇద్దరూ ఒకరి కంచంలోది ఒకరు తీసుకుంటూ, సామ్యేలుకి మెడముక్క మిగిల్చి, దీపాలు పెట్టే వేళ దాటిపోయేదాకా తిన్నారు. ఆ వేళకే ఆకాశంలో ఆ రాయి తన దారిన తాను దాటి పోయి ఉంటుంది. ఇద్దర్లో ఒక్కరూ తలెత్తి చూడలేదు.

"మరి ఇంతకీ ఎవరు ముందు మాట్లాడినట్టు?" అంది ఫణిశ్రీ.

"ఆవిడే. ఇంకెవలు?" కరుణకుమారి గుడ్డ మడతపెట్టి, దానికి పేరు రాసిన కాగితం గుచ్చింది. "నీది మంగళవారం ఇస్తాను. నిజంగానే ఇస్తాను, అలగ నవ్వకు."

పక్క వాటాలో పీట ఈడ్చిన చప్పుడైంది. కరుణకుమారి ఉలిక్కిపడి గోడ గడియారం చూసింది. తరవాత బల్ల మీద గుట్టగా పడి ఉన్న పెళ్ళి జాకెట్లకేసి చూసింది. తరవాత ఫణిశ్రీకేసి చూసింది. గొంతు తగ్గించింది.

"అమ్మా ఫణమ్మా, నీకు ఇనీ ఓపికుంది. ఒక సాయం సెయ్యి. మూడేళ్ళయింది మాటాడుకోడం మొదలెట్టి. ఎనిమిదేళ్ళ మాటలు బాకీ ఉండిపోయాయంటాది మా అప్ప. పొద్దున్న పీటేసుకుని కూకుంటే మజ్జాన్నం కొళాయి వచ్చీదాకా లేవదు. పెళ్ళివారు రేపొచ్చి నా పీక పట్టుకుంటారు. నువ్వెళ్ళి ఆవిడ అరుగు మీద కూకుని, ఏదో ఒకటి అడుగు. పాట గురించి అడుగు, బెన్హర్ ఉద్యోగం గురించి అడుగు. ఒక్క గంట అక్కడే ఆపు. నేను పంపానని మాత్రం సెప్పకు తల్లీ. బేగి వెళ్ళు, సెప్పులేసుకుంటన్నాది!"